నిరుటి కాగితాన్ని నమ్మొద్దు
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంస్కృతి గురించి మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. పాట గురించి, ఆట గురించి, దేవతల గురించి మాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. అందుకని మేము ఒక దారి గురించి చెబుదామని వచ్చాం. ఆత్మకూరు వైపు నుంచి నల్లమల మీదుగా శ్రీశైలం పోయే కాలిదారి అది. దాని కోసం మేము ఏటేటా రాసి, కొట్టేసి, మళ్లీ రాసే ఒక నోటుపుస్తకం ఉంది. మా పిల్లలు దాన్ని 'దారి పుస్తకం' అంటారు. మేము అంటే హాస్టల్ వార్డెన్, వంటమ్మ, పాత విద్యార్థులు, చెంచు గూడేల పెద్దలు. మాలో కొందరం చెంచులం, కొందరం సుగాలీలం.

ఈ దారి మీకు తెలియంది కాదు. వెంకటాపురం దాటితే అడవి మొదలు. నాగలూటి దగ్గర వీరభద్రస్వామి గుడి, రాతి మెట్లు. ఆ తర్వాత దామర్లకుంట, పెచ్చెరువు, మఠం బావి. అక్కడి నుంచి భీముని కొలను లోయలోకి దిగి, మళ్లీ నిట్టనిలువుగా మెట్లెక్కితే కైలాస ద్వారం. అది దాటితే హటకేశ్వరం, శ్రీశైలం. రెడ్డి రాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడని చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నాం. రాజులు మెట్లు కట్టించారు సరే, ఆ మెట్ల మీద యాత్రికుడికి దారి చూపి, రాత్రిళ్లు కాపలా కాసింది మన చెంచులు. మల్లన్న మన ఇంటి అల్లుడు, చెంచు మల్లయ్య. అల్లుడి ఇంటికి పోయే చుట్టాలకు దారి చూపడం మన పెద్దలకు మర్యాద, బాధ్యత కూడా.

1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, మధ్యలో ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్లారు. ఏ మజిలీ తర్వాత ఏ మజిలీ, దారి ఎట్లా ఉంది, ఎక్కడ ఏమి దొరుకుతుంది అని కాశీయాత్ర చరిత్రలో రాసి పెట్టారు. తన వెనక వచ్చేవాళ్లకు పనికి రావాలని రాశారు. ఆ పుస్తకాన్ని మా పిల్లలకు చదివి వినిపించినప్పుడు ఒక పిల్ల అడిగింది: "మేడం, ఆయన చెప్పిన నీళ్లు ఇప్పుడూ ఉంటాయా?" మా పుస్తకం మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఈ దారిన ఎవరు నడుస్తారు? మహాశివరాత్రికి మన సీమ జిల్లాల నుంచి శివదీక్ష స్వాములు నడుస్తారు. ఉగాదికి కర్ణాటక నుంచి వేలకు వేలు వస్తారు. బాగల్‌కోట, విజయపుర, బెళగావి, రాయచూరు వైపు నుంచి ఎన్నో రోజులు నడిచి మన ఊళ్లకు చేరతారు. భ్రమరాంబను తమ ఆడపడుచుగా చూసుకుంటారు. కొందరు కొయ్యకాళ్ల మీద నడుస్తారు. డెబ్బై ఏళ్ల ముసలమ్మలు నెత్తిన మూటతో, చంకన మనవడితో వస్తారు. వాళ్లు అడవి అంచుకు వచ్చేసరికి ఫాల్గుణం వెళ్లిపోతుంటుంది. ఎండ ముదురుతుంది. చెట్లు ఆకు రాల్చి ఉంటాయి. అడవి అంటే నీడ ఉంటుందని అనుకుని వస్తారు. ఆ కాలంలో మన అడవిలో నీడ ఉండదు.

కొన్నేళ్ల కిందట మా హాస్టల్ పిల్లలు సెలవుల్లో చలివేంద్రం దగ్గర నీళ్లు పోసేవాళ్లు. వచ్చినవాళ్లందరూ అవే మూడు ప్రశ్నలు అడిగేవాళ్లు. ముందు నీళ్లు ఎక్కడ? ఇంకా ఎంత దూరం? చీకటి పడేలోపు ఎక్కడికి చేరతాం? కన్నడంలోనూ నీళ్లను నీరు అనే అంటారు కాబట్టి ఆ ప్రశ్న మాకు ఇట్టే అర్థమయ్యేది. జవాబు చెప్పడానికి మాత్రం మాటలు చాలేవి కావు. అప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు ఒక చార్టు కాగితం మీద దారి గీసి, చెరువు దగ్గర నీలం చుక్క, మెట్ల దగ్గర గీతలు పెట్టి, చలివేంద్రం గుంజకు కట్టారు. జనం దాని ముందు నిలబడి చూశారు, ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. మాకు చాలా సంతోషమైంది. టీచర్ ట్రైనింగ్‌లో ఎన్నో చార్టులు గీశాం గానీ అంతమందికి పనికొచ్చిన చార్టు అదొక్కటే.

ఆ సంతోషంలోనే తప్పు చేశాం. ఆ తప్పు సంగతి చెప్పడానికే ఈరోజు ఇక్కడ నిలబడ్డాం.

మరుసటి ఏడు పరీక్షల హడావిడిలో ఉండి, పాత చార్టునే దుమ్ము దులిపి మళ్లీ కట్టించాం. నాగలూటి దాటాక ఒక వాగు పక్కన చెలమ ఉండేది. నిరుడు ఉగాదికి అందులో నీళ్లున్నాయి, నీలం చుక్క పెట్టాం. ఆ ఏడు వానలు సరిగా పడలేదు. చెలమ శివరాత్రికే ఎండిపోయింది. మాకు తెలియదు. ఎవరం పోయి చూడలేదు. ఒక కుటుంబం మా చార్టు ఫోటో తీసుకుని, ముందు నీళ్లున్నాయి కదా అని సీసాల్లో ఉన్నది తాగేసి, బరువు తగ్గించుకుని బయలుదేరింది. చెలమ దగ్గరికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. పొడి ఇసుక తప్ప ఏమీ లేదు. వాళ్లలో పెద్దామె అక్కడే కూలబడిపోయింది. అక్కడ ఫోన్ సిగ్నల్ అందదు. వెనక వచ్చిన గుంపు దగ్గర కాసిని నీళ్లుంటే పెదవులు తడిపారు. ఒక చెంచు పిల్లవాడు అడ్డదారిన పరుగెత్తి పోయి బిందెతో నీళ్లు మోసుకొచ్చాడు. నలుగురూ డోలీ కట్టి ఆమెను కిందికి దించారు. ఆమె బతికింది. ఆ పిల్లవాడు మా పాత విద్యార్థే.

రెండు రోజులకు ఆమె కొడుకు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. తిడతాడనుకున్నాం. తిట్టలేదు. ఫోన్ తీసి మా చార్టు ఫోటో చూపించి, ఆ నీలం చుక్క మీద వేలు పెట్టాడు. ఏమీ అనలేదు. మేము కూడా ఏమీ అనలేకపోయాం. మేము ఏ చార్టూ కట్టకపోయి ఉంటే వాళ్లు సీసాలు నింపుకునే నడిచేవాళ్లు. తెలియకపోతే మనిషి జాగ్రత్తగా ఉంటాడు. తెలుసని రాసిపెట్టి మేమే ఆ జాగ్రత్త పోగొట్టాం.

ఆ సాయంత్రం గూడెం పెద్దాయన దగ్గరికి పోయి జరిగింది చెప్పాం. ఆయన బీడీ ఆర్పి అన్నాడు: "నీళ్లు యాడున్నాయో పిట్టనడగాలమ్మా. కాగితాన్నడిగితే అది నిరుటి మాటే చెప్తాది." సాయంత్రం గువ్వలు ఏ దిక్కుకు పోతున్నాయి, తేనెటీగలు ఏ ఇసుక మీద వాలుతున్నాయి, ఏ చెలమ దగ్గర జింక అడుగు తడిగా ఉంది అని ఆయన లెక్క. మాకు ఆ విద్య రాదు. ఆయనకు అక్షరం రాదు. రెండూ కలిపితే తప్ప దారి పుస్తకం రాయకూడదని ఆ రోజు నిర్ణయించుకున్నాం.

ఇప్పుడు ఎట్లా చేస్తున్నామో క్లుప్తంగా చెబుతాం. మీ ప్రాంతాల్లోనూ ఇట్లాంటి దారులున్నాయి కనుక పనికొస్తుంది.

దారిని ఏడాదికి రెండుసార్లు నడిచి చూస్తాం. శివరాత్రికి ముందు ఒకసారి, ఉగాదికి ముందు ఒకసారి. రెండు పండుగలకూ మధ్య నెల రోజులే తేడా. కానీ ఆ నెలలోనే చెలమలు ఎండేది. నలుగురు పోతారు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు చదువుకున్న కుర్రాళ్లు. అది పులుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖకు చెప్పి, అనుమతితోనే పోతాం. అక్కడ వాచర్లుగా పనిచేసేవాళ్లలో మన చెంచులు ఉన్నారు, వాళ్ల మాట కూడా రాసుకుంటాం.

నీళ్లకు నాలుగే మాటలు పెట్టుకున్నాం. ఉంది, తక్కువ, ఎండింది, తాగరాదు. ప్రతి మాట పక్కన చూసిన తేదీ, చూసినవాళ్ల పేరు. తేదీ లేని మాటను చెరిపేస్తాం. ఎవరైనా నోటి మాటగా "ఉందంట" అంటే రాయం. 'అంట' అన్న మాటకు మా పుస్తకంలో చోటు లేదు.

దూరాన్ని కిలోమీటర్లలో రాయడం మానేశాం. కొండ దారిలో కిలోమీటరు లెక్క మోసం చేస్తుంది. భీముని కొలను దిగడం ఒక లెక్క, కైలాస ద్వారం ఎక్కడం ఒక లెక్క. అందుకని గంటల్లో రాస్తాం. అదీ కుర్రాళ్ల గంటలు కాదు. మా వంటమ్మ మూట పెట్టుకుని నడిస్తే ఎన్ని గంటలో అన్ని గంటలు రాస్తాం. ఆమె నడక మాకు కొలబద్ద.

దారి చీలే చోట్ల తిప్పలు ఎక్కువ. పశువులు నడిచిన బాట యాత్రికుల బాట కంటే నున్నగా ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని పట్టుకుని పోతారు. మొదట్లో గుర్తు కోసం కొమ్మలకు పసుపు గుడ్డ పీలికలు కట్టాం. తర్వాత నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భక్తులు దాన్ని మొక్కుల చెట్టు అనుకున్నారు. ఒకరిని చూసి ఒకరు తమ గుడ్డలు కూడా కట్టారు. ఉగాది అయ్యేసరికి దారి ఉన్న వైపు, లేని వైపు అన్ని చెట్లకూ పసుపు గుడ్డలే! అవన్నీ విప్పడానికి మా పిల్లలకు రెండు రోజులు పట్టింది. ఇప్పుడు గుడ్డలు లేవు. బండలకు రంగు పూయం, చెట్టుకు మేకు కొట్టం. తప్పు బాట మొదట్లో అడ్డంగా ఎండు కంప వేస్తాం. రద్దీ రోజుల్లో చీలిక దగ్గర మనిషినే నిలబెడతాం. మనిషిని మించిన గుర్తు లేదు.

కాలాన్ని బట్టి మారే సంగతులు ఇంకొన్ని ఉన్నాయి. ఇప్ప పూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఎలుగులు చెట్ల కిందికి వస్తాయి, కాబట్టి బాగా తెల్లారాక నడవమని రాస్తాం. ఎండుటాకు మీద అగ్గిపుల్ల పడితే అడవి మిగలదు, కాబట్టి మజిలీల్లో తప్ప పొయ్యి పెట్టవద్దని రాస్తాం. ఏ మెట్టు కదులుతోందో, ఏ చెట్టు అడ్డం పడిందో, వానకు ఏ గట్టు తెగిందో రాస్తాం.

పేర్ల దగ్గర పెద్ద తగాదా వచ్చింది. పాత పుస్తకాల్లో పెద్దచెరువు అని ఉన్నదాన్ని ఇప్పుడు అందరూ పెచ్చెరువు అంటున్నారు. కొందరు భీముని కొలను అంటారు, కొందరు భీముని కొల్లం అంటారు. మధ్యలో ఉన్న బండలకు, వంపులకు, వాగు మలుపులకు చెంచులకు తమ పేర్లున్నాయి. ఏ మ్యాపులోనూ అవి లేవు. కుర్రాళ్లు యాత్రికులకు తెలిసిన పేర్లే చాలన్నారు. పెద్దలు ఒప్పుకోలేదు. చివరికి రెండు పేర్లూ రాస్తున్నాం. పైన అందరి పేరు, కింద మన పేరు. ఆ మన పేర్లు బోర్డు మీద రాసింది ఎనిమిదో తరగతి చెంచు పిల్ల. హాస్టల్లో చేరిన కొత్తలో తనది ఏ గూడెమో చెప్పడానికి కూడా సిగ్గుపడి తలదించుకునేది. ఆ రోజు సుద్దముక్క పట్టుకుని, పలకడం తప్పుతున్నవాళ్లను దిద్దింది. కన్నడం భాగాన్ని ఏటా నడిచి వచ్చే ఒక మాస్టారు రాసిపెడతారు. అందులో ఒక్క అక్షరం మార్చాలన్నా ఆయనకు ఫోన్ చేసి అడుగుతాం.

ఇక మేము రాయనివి ఉన్నాయి. దీని మీద మా మధ్య చాలా రోజులు వాదన నడిచింది.

ఏ కొండ చరియకు తేనెపట్లు పడతాయి, గడ్డలు ఏ నేలలో దొరుకుతాయి, మన పెద్దల సమాధులు ఎక్కడ, ఏ చెట్టు కింద మన దేవత ఉంది అన్నవి పుస్తకంలో ఉండవు. నల్లమద్ది చెట్టు మానులో నీళ్లు దాస్తుందని మనకు తెలుసు. ఒక కుర్రాడు అది రాద్దామన్నాడు, దాహంతో ఉన్నవాళ్లకు ప్రాణం నిలుస్తుంది కదా అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. పెద్దాయన చాలాసేపు ఆలోచించి అన్నాడు: "వేలమంది నడిచే దారి నాయనా. తలా ఒక గొడ్డలి దెబ్బేస్తే ఎన్ని మానులు నిలుస్తాయి?" రాయలేదు. బదులుగా నీళ్ల డ్రమ్ములు పెట్టే చోట్లు ఇంకో రెండు పెంచమని దాతలను అడిగాం. దారి అందరిది, కాబట్టి దారి వరకు రాస్తాం. దారికి అటూ ఇటూ ఉన్న అడవి మన పిల్లలకు మన నోటితోనే చెప్పుకుందాం.

అట్లాగే, పండుగ రోజులు కాని కాలంలో ఈ దారిన ట్రెక్కింగ్ చేస్తామని పట్నం కుర్రాళ్లు కొందరు మా దగ్గరికి వస్తారు. పుస్తకం ఫోటో తీసుకుంటామంటారు. ఫోన్లో ఎవరో ఎప్పుడో నడిచిన గీత ఉంది, సరిచూసి ఇవ్వమంటారు. మంచి పిల్లలే, అడవి మీద ఇష్టంతో వస్తారు. వాళ్లకు కూర్చోబెట్టి టీ ఇచ్చి చెబుతాం. ఇది పులి తిరిగే చోటు, అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఫోన్లో గీతకు వయసు కనిపించదు. గీత గీసిననాడు ఉన్న వాగు గట్టు ఈరోజు ఉండకపోవచ్చు. అనుమతి తెచ్చుకుని, మన మనిషికి కూలి ఇచ్చి వెంట తీసుకుపోతే మాకు అభ్యంతరం లేదు.

కూలి మాట వచ్చింది కాబట్టి మా మనవి కూడా చెప్పేస్తాం.

మొన్న చలికాలంలో ఆ పెద్దాయన కాలం చేశాడు. పిట్టనడిగి నీళ్లు చెప్పినాయన. శివరాత్రి ముందు దారి చూడటానికి పోయినప్పుడు ఆయన లేని లోటు తెలిసింది. ఒక చెలమ దగ్గర మావాళ్లు 'ఎండింది' అని రాయబోయారు. ఆయనతో రెండుసార్లు నడిచిన కుర్రాడు వద్దని, వంకలో ఇంకో పది బారల పైకి పోయి ఇసుక తవ్వాడు. మోచేతి లోతున నీళ్లు ఊరాయి. ఆ కుర్రాడు ఇప్పుడు పట్నంలో కట్టడం పనికి పోతున్నాడు. ఉగాదికి రమ్మంటే నాలుగు రోజుల కూలి పోతుందని వాళ్ల ఆలి బాధపడింది. ఆమె బాధలో తప్పేముంది? ఇన్నాళ్లూ ఈ పనిని సేవ అన్నాం. పెద్దలు సేవగానే చేశారు. పొట్ట చేతపట్టుకున్న కుర్రాళ్లను కూడా సేవే చేయమనడం న్యాయం కాదు.

అందుకని సంఘానికి మా మనవి ఇది. ఏడాదికి రెండుసార్లు, నలుగురికి, నడిచిన రోజులకు కూలి ఇప్పించండి. పెద్ద మొత్తమేమీ కాదు. ఆ నలుగురిలో ఒక్కరైనా పాతికేళ్ల లోపు వాళ్లు ఉండాలన్నది మా షరతు. లేకపోతే పదేళ్ల తర్వాత పుస్తకం ఉంటుంది, చదవగలిగినవాళ్లు ఉంటారు, అందులోది నిజమో కాదో చెప్పగలిగినవాళ్లు ఉండరు.

ఇంకొక మాట. మా పుస్తకాన్ని రంగుల బొమ్మలతో అందంగా అచ్చు వేయిస్తామని కొందరు పెద్దలు ముందుకొచ్చారు. వాళ్ల మంచి మనసుకు దండం. కానీ వద్దన్నాం. అచ్చయిన పుస్తకం పదేళ్లు నిలుస్తుంది, చెలమ పది వారాలు నిలవదు. అచ్చు చూస్తే జనం నమ్ముతారు, మేము ఒకసారి చూశాం కదా ఆ నమ్మకం ఏం చేస్తుందో. మెట్ల చరిత్ర, మజిలీల పేర్లు, మన పేర్లు అచ్చు వేయండి. అవి మారవు. నీళ్ల పేజీ మాత్రం సుద్దముక్కతో నల్లబోర్డు మీదే ఉండాలి.

చివరగా, గత ఉగాది ముందు మా నల్లబోర్డు మీద రాసిన నాలుగు ముక్కలు చదివి ముగిస్తాం.

"అడవిలోకి అడుగు పెట్టేముందు మనిషికి 3 లీటర్లు నింపుకోండి. ముందు నీళ్లున్నాయని పారబోయకండి. ముసలివాళ్లు, పిల్లలు మధ్యలో నడవాలి, ముందు ఒకరు, వెనక ఒకరు గట్టివాళ్లు ఉండాలి. ఎండ ముదిరేలోపు నీడ చూసుకుని ఆగండి. చీకట్లో నడవకండి. ప్లాస్టిక్ సీసా మీతోనే తిరిగి రావాలి. దారి తప్పామనిపిస్తే ముందుకు పోకండి, ఉన్నచోటే కూర్చుని కేకేయండి, మన మనిషి వస్తాడు. ఈ బోర్డు మీద తేదీ చూడండి. తేదీ వారం దాటి ఉంటే చలివేంద్రంలో అడిగి బయలుదేరండి."

ఆ రోజు చూసిన పెద్దామె నిరుడు ఉగాదికి మళ్లీ నడిచి వచ్చింది. బోర్డు ముందు నిలబడి, కొడుకు చేత తేదీ చదివించుకుని, రెండు సీసాలు నింపుకుని, మా వంటమ్మ బుగ్గ నిమిరి పోయింది. ఆమె కైలాస ద్వారం చేరిందన్న కబురు మర్నాడు సాయంత్రం అందింది. అప్పుడు గానీ మా వంటమ్మ అన్నం తినలేదు.

వచ్చే శివరాత్రికి ముందు దారి చూడటానికి బయలుదేరే రోజు సంఘానికి తెలియజేస్తాం. నడవగలిగినవాళ్లు రండి.

సెలవు. జై ఆదివాసీ!